జ్యూరీ చైర్మన్ గారికి, సందేశం లేని పిల్ల తండ్రి

అయ్యా,

మొన్న ఆదివారం మీ టీనేజ్ షార్ట్ ఫిలింల పోటీలో మొదటి బహుమతి చిత్రం చూసే భాగ్యం మాకూ కలిగింది. వినికిడి లేని పదో తరగతి అమ్మాయి కథ. నా పక్కన కూర్చున్నదీ వినికిడి లేని పదో తరగతి అమ్మాయే, మా అమ్మాయి. తెర మీద సబ్‌టైటిల్ అన్నది ఒక్క ముక్క లేదు. 'ఏమంటోంది?' అని నిమిషానికోసారి మోచేత్తో పొడిచింది. ఏం చెప్పను? ఆ హీరోయిన్ సైగలు చేస్తోందో, దోమలు తోలుకుంటోందో నాకే తెలియలేదు.

చివర్లో తల్లిని బస్సు గుద్దింది. పిల్ల 'అమ్మా' అంది. హాలంతా లేచి చప్పట్లు. తమరు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. ఏ ఈఎన్‌టీ డాక్టరు చెప్పాడండీ, పుట్టుచెవుడుకి బస్సు మందని? ఆ ఒక్క మాట కోసం మా అమ్మాయిని ఏడేళ్లు స్పీచ్ థెరపీకి తిప్పాం. ముందే తెలిస్తే నేనే ఏ బస్సు కిందో పడేవాణ్ణి కదా!

క్షమించాలి. మర్యాదగానే రాద్దామని కూర్చున్నాను.

2024 జూలైలో సుప్రీంకోర్టు ఒక హిందీ సినిమా కేసులో చెప్పనే చెప్పింది: వికలాంగుల్ని అపోహలతో వెక్కిరించొద్దు, అలాగని అతిమానవుల్నీ చేయొద్దు, తీసే ముందు వాళ్లని అడగండి అని. కోర్టు దాకా ఎందుకు, ఎప్పుడో నలభై ఏళ్ల కిందటి మన 'మయూరి'లో కాలు పోగొట్టుకున్న సుధాచంద్రన్ కథలో సుధాచంద్రనే నటించింది. 2018లో ఆస్కార్ కొట్టిన షార్ట్ ఫిలిం 'ది సైలెంట్ చైల్డ్'లో వినపడని పాపగా వేసిన మెయిసీ స్లైకి నిజంగానే వినపడదు. మీవాళ్లకి ఊళ్లో వినపడని పిల్ల ఒక్కతైనా దొరకలేదా?

ఇంకోటి. స్టేజీకి ఏడు మెట్లు. చక్రాల కుర్చీలో వచ్చిన కుర్రాణ్ణి నలుగురు మోసుకెళ్తే దానికీ ఫొటో తీయించారు. ఇక శ్రీకాకుళం యాస మాట్లాడే పిల్లాడైతే ప్రతి ఫిలింలోనూ నవ్వించడానికే. పోనీండి.

అసలు మంట వేరే ఉంది. మా అమ్మాయీ ఒకటి పంపింది. ఫోన్లో తీసిన మూడు నిమిషాలు. ఇద్దరు స్నేహితురాళ్లు ట్యూషన్ ఎగ్గొట్టి పునుగులు తింటారు. ఆఖరి పునుగు కోసం పోట్లాట. వేళ్ల నిండా చట్నీ ఉంటే తిట్టుకోవడం కుదరదు, అందుకని ముందు చేతులు కడుక్కుంటారు. ఈలోగా పునుగు కాకి ఎత్తుకుపోతుంది. అంతే. 'సందేశం లేదు' అని తిప్పి పంపారు. 'వైకల్యం మీద ఇంకాస్త దృష్టి పెట్టాల్సింది' అని కింద సలహా. మా పిల్ల ఆ కాగితం నాకు చూపించి, 'పునుగు మీద పెట్టాను కదా' అని సైగ చేసింది.

అయ్యా, బహుమతి వద్దు. వచ్చే ఏడాది ప్రతి ఫిలిం కిందా అక్షరాలు వేయించండి, చాలు. దండం పెడతాను. వీలైతే ఆ మూడు నిమిషాలూ మరోసారి చూడండి. అందులో సబ్‌టైటిల్స్ ఉన్నాయి. మా అమ్మాయే కూర్చుని వేసింది, సైగలు రాని మీకు అర్థం కావాలని.

ఇట్లు,
మూడో వరసలో మోచేతి పోట్లు తిన్నవాడు