తొలి కూర్పు వాంగ్మూలం

నేను 1897లో అచ్చయిన కన్యాశుల్కాన్ని, అయిదంకాల నాటకాన్ని. 1909లో గురజాడ అప్పారావు నన్ను తిరగరాసి ఏడంకాలు చేశాక లోకం ఆ రెండోదాన్నే కన్యాశుల్కమంది. నేను పరిశోధకుల పాలబడ్డాను. నొచ్చుకోలేదు (నొచ్చుకున్నా చెప్పను). నేననేది ఒక్కటే: నన్ను పక్కన పెట్టుకుని చదవకపోతే గురజాడలో సంస్కర్త కనిపిస్తాడు గానీ నాటకకర్త పూర్తిగా కనిపించడు. నా పీఠికే చూడండి. ఆనంద గజపతి మహారాజు విశాఖపట్నం జిల్లా బ్రాహ్మణ కుటుంబాల్లో మూడేళ్లలో జరిగిన శుల్క వివాహాల లెక్క తీయిస్తే 1,034 తేలాయి. అయిదేళ్ల పిల్లలు 99 మంది, ఏడాది పసికందులు ముగ్గురు. సంస్కరణే సర్వస్వమైతే ఆ పట్టిక చాలు, పన్నెండేళ్లకు మళ్లీ కలం పట్టడం దేనికి? అంకెలు పెరగలేదు, మధురవాణి పెరిగింది. నాలో ఆమెది చిన్న వేషం. రెండో కూర్పులో కథ పగ్గాలే ఆమె చేతికొచ్చాయి. వేశ్యల పొడ గిట్టని సంస్కర్త సౌజన్యారావు పంతులింటికి మగవేషంలో వెళ్లి, లుబ్ధావధాన్లు పెళ్లాడింది ఆడపిల్లనే కాదన్న గుట్టు విప్పి, బొంకులదిబ్బ దగ్గర మొదలైన గిరీశం బొంకులకి అక్కడ తెర దించుతుంది. ఆడపిల్లకి వెల కట్టే లోకంలో నిజం చెప్పింది వేశ్య, పరీక్షకు నిలబడింది సంస్కర్త. ఈ సంగతి ఏ పట్టికకూ అందదు.

కవి కె.వి. రమణారెడ్డి 1969లో ‘మహోదయం’ రాసి, జాతీయ పునరుజ్జీవనంలో గురజాడ స్థానాన్ని పరిశీలించారు. నెల్లూరు సీమ మనిషైన ఆయనకి మా కళింగాంధ్ర మాటల్లోని ఎత్తిపొడుపు ఏం పట్టుబడుతుందంటారేమో. పుట్టినప్పటి నుంచీ విన్న మాటను మనం దాటుకుపోతాం. కొత్త చెవి దాని దగ్గర ఆగుతుంది, కవి చెవి అయితే మరీను. ఇంతకన్నా బరువైన ఆక్షేపణ ఇంకోటుంది: చరిత్రతో కొలిస్తే నాటకం ఉత్త దస్తావేజు అయిపోదా? అవుతుంది, ఆ కొలత ఒక్కదానితోనే ఆగిపోతే. మా కాలం ఎలాంటిదో తెలియనిదే శుల్కం బరువు తెలీదు, నిజమే. కానీ అదే కాలం, అదే దురాచారం, అదే రచయిత రెండు నాటకాలు రాశాడు. ఆ తేడాకి జవాబు చరిత్రలో దొరకదు. ఏ సంభాషణ ఎందుకు సాగింది, ఏ పాత్రకి ఎందుకు గొంతు వచ్చిందని అడగాలి. అది కవి అడగాల్సిన ప్రశ్న.

చివరగా రంగస్థలం వాళ్ల మాట: ఏడంకాలు ఒక్క రాత్రిలో ఆడలేం, చిన్నదే అనువు. ఈ ఆక్షేపణ నా చెవికి తీపి. 1892 ఆగస్టు 13న విజయనగరంలో తొలిసారి ఆడింది నా పాత రూపమే మరి. అయినా కత్తెర పట్టుకున్నవాళ్లు నా గడప తొక్కరు, పెద్దదాన్నే కత్తిరించుకుంటారు. అంచులు తెగినా మధురవాణి ఉండాలి వాళ్లకి.