కొయ్య మరిగె కథ

ఒకే దుంగను తొలిచి చేసే వెడల్పాటి చెక్క పళ్లెం మరిగె. మరాఠీ ఇళ్లలో కాఠవట్ అంటారు. మనం చెప్పుకుంటున్న ఈ మరిగెది చంద్రపూర్ జిల్లా రాజురా ప్రాంతం. 1956 దాకా రాజురా హైదరాబాద్ రాష్ట్రంలోని ఆదిలాబాద్ జిల్లాలో ఉండేది. అందుకే అక్కడ తెలుగు ఇళ్లూ, మరాఠీ ఇళ్లూ కలిసి ఉంటాయి; ఏ ఇంట్లోనైనా పెనం మీద కాలేది జొన్నరొట్టే.

మరిగెకు పుట్టిల్లు టేకు దుంగ. అయోధ్య రామమందిరం తలుపులకు 2023లో టేకు కలప చంద్రపూర్ జిల్లా నుంచే వెళ్లింది. టేకులో సహజంగా ఉండే నూనె నీటినీ చెదనూ దగ్గరికి రానివ్వదు. వడ్రంగి దుంగను నిలువునా చీల్చి, నడుమను బాడిసతో తొలిచి, ఉలితో నునుపు చేస్తాడు. పచ్చి చెక్క తొలచడం తేలికే, ఆరబెట్టడమే అసలు పరీక్ష. ఎండలో పెడితే పైపొర ముందుగా ఆరి బిగుస్తుంది, లోపల తడి మిగిలే ఉంటుంది, ఆ లాగుడుకు అంచు చీలుతుంది. నీడన నిదానంగా ఆరిన మరిగె తరాలు నిలుస్తుంది.

జొన్నపిండికి గోధుమపిండిలా సాగే గుణం లేదు. మసిలే నీళ్లు పోసి, వేడి తగ్గకముందే అరచేత్తో గట్టిగా అదిమి పిసకాలి. చెక్క వేడిని తొందరగా లాగేయదు గనుక పిండి చల్లారదు, అంచు పట్టుకున్న చెయ్యీ కాలదు. ఆ తర్వాత అందులోనే పొడిపిండి చల్లి, ముద్ద పెట్టి, తిప్పుతూ తడితే రొట్టె గుండ్రంగా పరుచుకుంటుంది. ఏళ్ల తరబడి ఆ తట్టుడుకు ఈ మరిగె నడుమ అద్దంలా నున్నబడింది.

ఇదే కోవకు చెందిన, పసిఫిక్ దీవుల ప్రాంతమైన మెలనీసియా పళ్లేలు మ్యూజియాల దాకా వెళ్లాయి. పాపువా న్యూగినీలోని తామి దీవుల వాళ్లు గట్టి కొయ్యతో కోలగా, పడవలాగా పళ్లేలు చెక్కి, నల్లరంగు పూసి, గీతల్లో తెల్లని సున్నం నింపేవారు. సియాసీ దీవుల వర్తకులు వాటిని పడవల్లో న్యూబ్రిటన్ వరకు చేర్చేవారు. పెళ్లికూతురి ఇంటివారికిచ్చే ఓలిలోనూ వాటికి చోటుండేది. అడ్మిరాల్టీ దీవుల పళ్లేలకు నాలుగు కాళ్లు, సుడులు తిరిగిన పిడులు ఉంటాయి. సాలమన్ దీవుల్లో గవ్వముక్కలు పొదుగుతారు. ఇనుము రాకముందు రాయి, గవ్వ, అగ్నిపర్వత గాజు అంచులే వాళ్ల ఉలి.

రాజురా మరిగెకు ఆ చెక్కడాలేవీ లేవు. అంతమాత్రాన దాన్ని కళ కాదనడం అన్యాయం. అంచు మందం, లోతు, వాలు చేతికి సరిపడేలా కుదర్చడంలోనే వడ్రంగి నేర్పంతా ఉంది. స్టీలు పళ్లెం (పరాతు) వచ్చాక చాలా మరిగెలు అటకెక్కాయి. వాడకం లేని చెక్క ఎండి బీటలు వారుతుంది. అప్పుడప్పుడు నూనె పట్టించి, కడిగాక నీడన ఆరబెడితే మళ్లీ పిండికి పనికొస్తుంది.