కట్ చేస్తే సరిహద్దు

ఫిల్మ్‌నగర్ కథాచర్చల్లో, అంటే అక్కడివారు ‘సిట్టింగులు’ అని పిలుచుకునే సుదీర్ఘ సభల్లో, దేశం దాటడానికి పాస్‌పోర్టు అవసరం లేదు. సన్నివేశం మారిందని సూచించే ‘కట్ చేస్తే’ అన్న రెండు మాటలు చాలు. బ్యాంకాక్‌లో పల్లవి ముగించిన కథానాయకుడు మలేసియాలో చరణం అందుకోవడానికి పట్టే కాలం ఒక ఫ్రేము, అనగా సెకనులో 24వ వంతు కాగా, ఆ చిత్ర దర్శకుడు వానపడ్డ సాయంత్రం జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు దాటడానికి, అక్కడ వీసా అడిగే నాథుడు లేకపోయినా, అంతకంటే కొంచెం ఎక్కువ సమయమే తీసుకుంటాడు.

2007లో ‘చిరుత’ చిత్రం థాయ్‌లాండ్‌కూ 2009లో ‘బిల్లా’ మలేసియాకూ వెళ్లివచ్చినా, ఆ రెండు దేశాల నడుమ నేల మీద ఒక సరిహద్దు ఉందన్న సంగతి ఏ కథకూ అడ్డు రాలేదు. ఆ సరిహద్దులోని పాడాంగ్ బెసార్ రైల్వే స్టేషన్‌లో ఇరు దేశాల ఇమిగ్రేషన్, అంటే రాకపోకలకు ముద్రవేసే తనిఖీ, ఒకే కప్పు కింద జరుగుతుంది. థాయ్‌లాండ్ వదిలిన ప్రయాణికుడు నాలుగడుగులు వేసి మలేసియాలో ప్రవేశించి, గడియారాన్ని గంట ముందుకు తిప్పుకుని, బాట్‌లను రింగిట్‌లుగా మార్చుకోవాలి. స్లో మోషన్ కోసం కెమెరా వేగం మార్చనక్కర్లేని లొకేషన్ అదొక్కటే కావచ్చు.

అయితే తెలుగువారు ఆ దారిన డ్యూయెట్ల కంటే చాలా ముందే వెళ్లారు. ఉత్తరాంధ్ర పల్లెల నుంచి పొట్ట చేతపట్టుకుని మలయా తోటలకు చేరిన కూలీలలో కొందరిని, అత్యధిక సంఖ్యలో ఉన్న తమిళ కూలీలతోపాటు, జపాన్ సైన్యం 1943 ప్రాంతంలో గూడ్సు పెట్టెల్లోకి ఎక్కించి, పాడాంగ్ బెసార్ మీదుగా సయాంకు, అనగా థాయ్‌లాండ్‌కు, తరలించింది. బాన్‌పాంగ్ నుంచి త్రీ పగోడాస్ కనుమ గుండా బర్మాలోకి సాగే 415 కిలోమీటర్ల రైలుమార్గాన్ని వేయించడమే దాని ఉద్దేశం. ఆ పనిలో మరణించిన ఆసియా కూలీలు, అక్కడే మరణించిన యుద్ధఖైదీలకు అనేక రెట్లు. ఈ రైలుమార్గంలోని ఒక వంతెనపై 1957లో వచ్చిన హాలీవుడ్ చిత్రం ఆ వంతెనను సిలోన్‌లో కట్టి, కథను ఖైదీలకు అప్పగించింది గనుక, మరుపు విషయంలో ఫిల్మ్‌నగర్‌ను ఒక్కదాన్నే తప్పుపట్టడం న్యాయం కాదు.

ఈ కథ సిట్టింగుకు వస్తే, కూలీ చివరికి వంతెన పేల్చేస్తాడా అన్నది నిర్మాత మొదటి ప్రశ్న అవుతుంది. పేల్చడు, కట్టి చనిపోతాడని రచయిత బదులిస్తాడు. కట్ చేస్తే, పట్టాయా.