నౌకా కిట్టు పరీక్షా పద్యం: టీకా తాత్పర్య విశేషాలు

మూలం (ఆటవెలది)

పెట్టె బొమ్మఁ జూచి పేరాస పడఁబోక
కొలతఁ గాంచి పిదపఁ గూర్పుఁ గాంచి
యంచు లరసి నౌక యానాటి దని యెంచి
కొనఁగవలయు నోడఁ గూర్చువాఁడు

అవతారిక

కావ్యం ఆశీస్సుతోనో, నమస్క్రియతోనో, వస్తునిర్దేశంతోనో ప్రారంభం కావాలన్న లాక్షణికుల నియమాన్ని ఈ చాటుపద్యం మూడవ మార్గంలో పాటించింది. ఏలయనగా దీని మొదటి పదమే పెట్టె. పెట్టె అనగా యుద్ధనౌక నమూనా కిట్టును ఉంచి అమ్మే అట్టపెట్టె. కిట్టు అనగా నిజమైన నౌకను ఒక నిర్ణీత నిష్పత్తిలో కుదించి, పాలిస్టైరీన్ అనే ప్లాస్టిక్‌తో విడివిడి భాగాలుగా పోతపోసి, కొన్నవాడు జిగురుతో అతికించి రంగులు వేసుకొనేందుకు వీలుగా అమర్చిన సామగ్రి. అటువంటి కిట్టు కొత్తగా వెలువడినప్పుడు దాని మంచిచెడ్డలను ఏ క్రమంలో నిర్ణయించాలో చెప్పడం ఈ పద్యానికి ప్రయోజనం.

ప్రతిపదార్థం

ఓడన్ = యుద్ధనౌక నమూనాను; కూర్చువాఁడు = అతికించి నిర్మించేవాడు; పెట్టె బొమ్మన్ = పెట్టె మూతపై రంగులలో అచ్చువేసిన చిత్రాన్ని; చూచి = కన్నులారా కాంచి; పేరాస = లోపల ఉన్నదీ అంతటిదేనన్న భ్రమతో కూడిన కోరికను; పడఁబోక = పొందక; కొలతన్ = పొడవు వెడల్పులను; కాంచి = స్కేలు ఆనించి చూసి; పిదపన్ = అటు తరువాత, అనగా జిగురు సీసా మూత తీయకముందే; కూర్పున్ = భాగాల పొందికను; కాంచి = పరీక్షించి; అంచులు = భాగాల మందాన్ని తెలిపే చివరలను; అరసి = భూతద్దంతో వెదకి; నౌక = ఆ ఓడ; ఆనాటిది అని = ఫలానా సంవత్సరం నాటి రూపంలో ఉన్నదని; ఎంచి = నిశ్చయించుకొని; కొనఁగవలయున్ = కొనవలెను (ధర ప్రసక్తి మూలంలో లేదు).

తాత్పర్యం

నమూనా నౌకను నిర్మించదలచినవాడు మూతపై బొమ్మకు లొంగక, కొలతనూ పొందికనూ అంచులనూ పరీక్షించి, ఆ కిట్టు నౌక యొక్క ఏ తేదీ నాటి రూపానికి కట్టుబడి ఉన్నదో తేల్చుకొన్న తరువాతనే దానిని కొనాలని భావం.

విశేషాంశాలు

మొదటి పాదానికి పెద్దగా వ్యాఖ్యానం అక్కరలేదు. మీమాంసకులు వేదవాక్యాలను విధి అనీ, ఆ విధిని పొగిడే అర్థవాదం అనీ విభజించినట్లే, కిట్టు విషయంలో పెట్టె లోపలి భాగాలు విధి, మూతపై చిత్రం అర్థవాదం. చిత్రంలో కనిపించే కెరటాలు, పొగ, ఫిరంగుల మంటలు, ఆకాశంలోని విమానాలు పెట్టెలో ఉండవు. ఉండనందుకు తయారీదారును నిందించడమూ తగదు.

రెండవ పాదంలోని కొలత మాత్రం నిదానంగా విచారించవలసిన అంశం. నౌకా నమూనాలకు రెండు నిష్పత్తులు ప్రసిద్ధాలు. మొదటిది 1/700, అనగా నౌకలోని ఏడు మీటర్లు నమూనాలో ఒక సెంటీమీటరు కావడం. జపాన్‌లోని షిజువోకా ప్రాంతానికి చెందిన టమియా, హసెగావా, అవోషిమా, ఫుజిమి సంస్థలు నౌకల పేర్లను తమలో తాము పంచుకొని, 1971లో నీటిగీత వరకే పొట్ట ఉండే నమూనాల వరుసను ఈ నిష్పత్తిలో ప్రారంభించిన పిదప ఇది స్థిరపడింది. రెండవది దానికి సరిగా రెట్టింపైన 1/350. నిష్పత్తి మారితే నౌకల మధ్య తారతమ్యం ఎంతగా తలకిందులవుతుందంటే, 263 మీటర్ల పొడవు గల జపాన్ యుద్ధనౌక యమాటో 1/700లోనూ, అందులో సగమే ఉన్న 131.7 మీటర్ల మరొక జపాన్ యుద్ధనౌక మికాసా 1/350లోనూ ఇంచుమించు ఒకే కొలతకు, 37.6 సెంటీమీటర్లకు, వస్తాయి. పెట్టె పొడవును బట్టి నౌక ఘనతను ఊహించేవారు ఈ ఉదాహరణను గుర్తుంచుకోవడం మంచిది.

కొలిచేవాడు ముందుగా ఏ పొడవును కొలుస్తున్నాడో తెలుసుకోవాలి. నౌకకు ముక్కు కొసనుండి తోక కొసవరకు ఉండే పూర్తి పొడవు వేరు, నీటిని తాకే గీత వెంబడి ఉండే పొడవు వేరు. యమాటోకు మొదటిది 263, రెండవది 256 మీటర్లు. ఈ ఏడు మీటర్ల తేడా 1/350లో రెండు సెంటీమీటర్లు అవుతుంది కనుక, గ్రంథంలో ఒక పొడవు చదివి బల్లమీద మరొక పొడవు కొలిచిన పరీక్షకుడు నిర్దోషమైన కిట్టుపై నింద మోపగలడు. ఇటువంటి నిందలు తరచుగా మోపబడుతూనే ఉన్నాయి. నిందించినవారి స్వరం మాత్రం ఎన్నడూ తగ్గినట్లు కనబడదు.

కూర్పు అనే పదం ఇక్కడ భాగానికి భాగం కుదరడాన్ని చెబుతుంది. దీనిని జిగురు లేకుండా భాగాలను చేతితోనే జోడించి చూడడం ద్వారా పరీక్షిస్తారు. ఈ పనికి డ్రై ఫిట్టింగ్ అని వ్యవహారం. నౌక పొట్టను కుడి ఎడమలుగా రెండు సగాలు చేసి పోసిన కిట్టులో ముక్కు వద్ద, అడుగున వెన్ను వెంబడి అతుకు వస్తుంది. నీటిగీత వద్ద పైభాగం, కిందిభాగం అని విడదీసిన కిట్టులో అతుకు సరిగా బూడిదరంగు ముగిసి ఎర్రరంగు మొదలయ్యే చోట వస్తుంది. రెండవ పద్ధతిలో రంగుల సరిహద్దు అతుకును కొంత దాచిపెడుతుందనే వాదం ఉన్నది కానీ, పైభాగం కన్నా కిందిభాగం అర మిల్లీమీటరు బయటికి వచ్చినా అది నిజమైన నౌకలో ఒక జానెడు గట్టు అవుతుందనీ, ఎంత రంగు పూసినా ఆ గట్టు నీడ పోదనీ గ్రహించాలి. పొట్ట సగాలను పట్టుకొని, ఒక కన్ను మూసి, ముక్కు వైపునుండి తోక వైపుకు దీపం వెలుగులో చూస్తే ప్లాస్టిక్ వంకర వెంటనే తెలుస్తుంది. అటుపైన డెక్కును, అనగా నౌక పై అంతస్తు నేలను, పొట్టపై ఆనించి వేలితో మూలలను ఒక్కొక్కటిగా నొక్కాలి. గిన్నెపై మూత కూర్చున్నట్లు అది కదలక కూర్చుంటే, ఆ కిట్టులోని తక్కిన దోషాలను సగం వరకు క్షమించవచ్చు.

ఇక్కడ ఒక పూర్వపక్షం ఉన్నది. భాగాల సంఖ్య ఎంత ఎక్కువైతే కిట్టు అంత ఉత్తమమని కొందరి మతం. పెట్టె పక్కన భాగాల సంఖ్యను పెద్ద అక్షరాలలో ముద్రించే ఆచారం ఈ మతానికి ఊతమిచ్చింది. సిద్ధాంతం ఏమనగా, ప్రతి కొత్త భాగం ఒక కొత్త అతుకు, ప్రతి అతుకు పుట్టీ పెట్టి గరుకు కాగితంతో రుద్దవలసిన ఒక సందు కాగలదు. ఒకే ముక్కగా నిర్దుష్టంగా పోయగలిగిన, నౌకను నడిపే బ్రిడ్జి గదిని అయిదు పలకలుగా విడదీసి ఇవ్వడం అచ్చు తయారుచేసినవాడి సౌకర్యమే కాని, కూర్చేవాడికి ఉపకారం కాదు. పలకలుగా విడదీస్తేనే కిటికీలు, మెట్లు, గోడలపై గొట్టాలు స్పష్టంగా రాగలవని ప్రతివాది అనవచ్చు. అది కొంతవరకు నిజమే. అచ్చు రెండు సగాలుగా తెరుచుకొని ఒకే దిశలో విడివడుతుంది కనుక నిలువు గోడలపై చెక్కడం కష్టం. అందుచేతనే పక్కలకు జరిగే తునకలు గల అచ్చును, అనగా స్లైడ్ మోల్డును, వాడిన కిట్టును పరీక్షకులు మెచ్చుకొంటారు. ఫిరంగి గొట్టం చివర రంధ్రం తొలిచినట్లు కనిపించడం ఈ అచ్చు పుణ్యమే.

మూడవ పాదంలోని అంచులు అనే మాట చాలామంది వ్యాఖ్యాతలను పక్కదోవ పట్టించింది. అంచు పలుచగా ఉంటే కిట్టు గొప్పదని వారు తీర్మానించారు. లెక్క వేసి చూస్తే ఆ తీర్మానం నిలవదు. అచ్చులో పోసిన రేకు అర మిల్లీమీటరు మందం ఉంటే, అది 1/350లో 175 మిల్లీమీటర్ల ఉక్కు. కొన్ని మిల్లీమీటర్ల మందమే ఉండవలసిన తుపాకీ కవచం ప్లాస్టిక్‌లో కోటగోడ అవుతున్నదన్నమాట. యమాటోపై గుంపులుగా అమర్చిన 25 మిల్లీమీటర్ల విమాన విధ్వంసక తుపాకీ రంధ్రం ఇదే నిష్పత్తిలో 0.07 మిల్లీమీటర్లు, అనగా తలవెంట్రుక మందం. దానిని ప్లాస్టిక్‌లో పోయడం అసాధ్యం కనుక తయారీదారు ప్రతి చిన్న వస్తువునూ లావు చేయక తప్పదు. ఈ లోటును పూరించడానికి ఆమ్లంతో తొలిచిన పలుచని ఇత్తడి రేకులను, అనగా ఫొటో ఎచ్ భాగాలను, కటకటాలకూ రాడార్లకూ వాడతారు. చెక్క డెక్కు సంగతీ అంతే: పదిహేను సెంటీమీటర్ల వెడల్పు గల పలక 1/350లో 0.43 మిల్లీమీటర్లు అవుతుంది, పలకల మధ్య అతుకు ఉన్నట్లే కనబడకూడదు, అయినా గీతలు లేని డెక్కును ఎవరూ కొనరు. కాబట్టి విచారించవలసినది పలుచదనం కాదు, అతిశయం యొక్క సమత: కటకటాలు సన్నగా, పక్కనే తలుపులు లావుగా, పొట్టపై ఉక్కు పలకల గీతలు కాలువలుగా ఉంటే, ఒకే నౌకలో మూడు నిష్పత్తులు కలిసినట్లవుతుంది. అన్నీ ఒకే పాళ్లలో లావైన కిట్టు దానికన్నా సత్యానికి దగ్గరగా ఉంటుంది.

దోషాలను ఆలంకారికులు నిత్యాలు, అనిత్యాలు అని విభజించిన పద్ధతి ఇక్కడ బాగా ఉపకరిస్తుంది. మందమైన భాగం నెమ్మదిగా చల్లారుతూ కుంచించుకుపోవడం వల్ల పై తలంలో ఏర్పడే గుంట సింకు మచ్చ. భాగాన్ని అచ్చునుండి బయటికి నెట్టే పిన్ను మిగిల్చే గుండ్రని ముద్ర ఎజెక్టర్ గుర్తు. అచ్చు సగాలు బిగువుగా మూసుకోకపోతే అంచు వెంబడి పొరలా పొంగే ప్లాస్టిక్ ఫ్లాష్. వీటిలో ఎజెక్టర్ గుర్తు పొట్ట లోపలి వైపు ఉంటే దోషమే కాదు, డెక్కు పైన ఉంటే దోషం, కనుక అనిత్యం. పొట్ట వంకర ఎక్కడ ఉన్నా దోషమే కనుక నిత్యం. ఫ్లాష్ పరీక్షకుడి ఓపికను బట్టి ఉంటుంది.

ఇక పద్యానికి ప్రాణమైన భాగం “నౌక యానాటి దని యెంచి” అనేది. నౌకకు ఒకే రూపం ఉండదు. యమాటో 1941 డిసెంబరులో నౌకాదళంలో చేరినప్పుడు దానిపై 15.5 సెంటీమీటర్ల ఫిరంగుల బురుజులు నాలుగు ఉండగా, పక్కల ఉన్న రెండింటిని 1944లో తొలగించి ఆ చోట విమాన విధ్వంసక తుపాకులను నింపారు. 1945 ఏప్రిల్ 7న మునిగిన నౌక 1941 నాటి నౌక కాదు. పెట్టెపై ఒక సంవత్సరం, లోపల మరొక సంవత్సరం నాటి బురుజులు ఉన్న కిట్టు ఎంత నునుపుగా ఉన్నా అది ఏనాడూ సముద్రంలో తేలని నౌక.

ఈ నిశ్చయానికి ప్రమాణం ఏది? ప్రత్యక్షమే బలీయమని తార్కికులు అంటారు. విశాఖపట్నం రామకృష్ణా బీచ్‌లో 2002 నుండి మ్యూజియంగా ఒడ్డున నిలిచిన కుర్సురా జలాంతర్గామి విషయంలో ఆ మాట చెల్లుతుంది, 91.3 మీటర్ల ఆ పడవను అడుగు పొట్టతో సహా చుట్టూ తిరిగి చూడవచ్చు. మికాసా విషయంలో అంత సులభం కాదు. 1905లో త్సుషిమా యుద్ధంలో అడ్మిరల్ టోగో పతాక నౌకగా నిలిచిన ఈ ఓడ యొకోసుకాలో నేటికీ ఉన్నది కాని, దాని పొట్ట కాంక్రీటులో పాతుకొని ఉండడం వల్ల నీటిగీత కింద ఏమున్నదో సందర్శకుడికి కనబడదు. పైభాగమైనా నమ్మదగినదా అంటే, రెండవ ప్రపంచ యుద్ధం తరువాత ఫిరంగులు, పొగగొట్టాలు, స్తంభాలు పోయి, డెక్కుపై నృత్యశాల సైతం వెలసి, 1961లో పునరుద్ధరణ పూర్తయ్యేనాటికి జపాన్‌లో విప్పిన అల్మిరాంటే లాటోర్రే అనే చిలీ యుద్ధనౌక భాగాలు కొన్ని అందులో చేరాయి. యొకోసుకాలో తీసిన ఫొటోను చేతబట్టుకొని కిట్టులో తప్పులు వెదికేవాడు, తనకు తెలియకుండానే చిలీ నౌకతో పోల్చుతూ ఉండవచ్చు.

యమాటోకు ప్రత్యక్షం సముద్రగర్భంలో ఉన్నది. శిథిలాలను గుర్తించినది 1985లో. నిర్మాణ పత్రాలలో అధికభాగాన్ని యుద్ధాంతంలో నాశనం చేశారు కనుక శబ్ద ప్రమాణమూ అసంపూర్ణమే. మిగిలిన ఫొటోలనుండి చేసేది అనుమానం, అనగా తార్కికమైన ఊహ. కురే నగరంలో 2005లో తెరిచిన మ్యూజియంలో 26.3 మీటర్ల పొడవున 1/10 నమూనా ఉన్నది, దానితో పోల్చి చూడవచ్చునని ఉపమానవాదులు అంటారు. అయితే నమూనాను చూసి కిట్టునూ, కిట్టును చూసి మరొక కిట్టునూ సమర్థించుకుంటూ పోతే అనవస్థా దోషం కలుగుతుంది.

ఆక్షేపం: కొనకముందే కొలవాలని పద్యం విధించింది, దుకాణంలోని పెట్టెకు సీలు ఉంటుంది, కనుక ఈ విధి ఆచరణకు అందదు. సమాధానం: పద్యం రెండవ కొనుగోలుదారును ఉద్దేశించినది. మొదట కొన్నవాడు లోకోపకారార్థం పెట్టె విప్పి, కొలిచి, తప్పులు చాటి, తన డబ్బును అందరి జ్ఞానానికి ధారపోస్తాడు. అతడు చాలాసార్లు కిట్టును కూర్చకుండానే, ప్లాస్టిక్ చట్రాలను సంచులలోంచి తీసి చూసి మాత్రమే తీర్పు చెబుతాడు కాబట్టి, అటువంటి తీర్పు కొలతకూ అంచులకూ చెల్లుతుంది గాని కూర్పుకు చెల్లదని గమనించాలి.

పాఠాంతరం: నాలుగవ పాదం “కొనఁగరాదు సుమ్మి కూర్చువాఁడు” అని కొన్ని ఇళ్లలోని ఖర్చుల పుస్తకాలలో కనబడుతున్నది. అయిదు సూర్యగణాలూ, కొ–కూ యతీ సరిపోయాయి కనుక ఛందస్సు ఆధారంగా దీనిని తోసిపుచ్చడం కుదరదు. 1/350లో యమాటో 75 సెంటీమీటర్లు దాటుతుందనీ, మధ్యతరగతి ఇంటి షోకేసు అర అంత పొడవు ఉండడం అరుదనీ ఈ పాఠాన్ని సమర్థించేవారు చూపే హేతువుకు మొదటి పాఠం వారి నుండి ఇంతవరకు సమాధానం రాలేదు. వారు 1/700 కిట్టు ధర విచారిస్తున్నట్లు మాత్రం తెలుస్తున్నది.