ఇంటికంటె నేను పెద్ద

ఈ యింటిలో వయసున నాకంటె పెద్దది మరియొకటి లేదు. గోడలును, దూలములును, వీథిగుమ్మమును, ఆ గుమ్మమునకు పూసిన పసుపును, అన్నియు నా వెనుక పుట్టినవే. నేను ఇంటి ప్లానును. నీలపు కాగితముపై తెల్లని గీతలతో నిలిచిన పటమును. ఇప్పుడు భోషాణములో, పన్ను రసీదుల క్రింద, ఒక పాత పంచాంగముమీద, ఎనిమిది మడతలై పడియున్నాను.

నా జననవిధానము నేటివారికి వింతగా తోచవచ్చును. లైసెన్సుగల సర్వేయరు ట్రేసింగు బట్టపై నల్లసిరాతో గీసిన మూలపటము నాకు తల్లి. ఇనుప లవణ మొకదానిని పొటాషియము ఫెర్రిసయనైడుతో కలిపి పూసి, చీకటిలో ఆరబెట్టిన కాగితముపై ఆ తల్లిని పరచి, మీద అద్దము బిగించి, డాబాపై ఎండలో నుంచిరి. వెలుతురు సోకినంతమేర మందు మారెను. గీతల నీడ పడినచోట మారక, తొట్టినీళ్లలో జాడింపగనే కరగిపోయి, తెలుపు మిగిలెను. 1842లో జాన్ హెర్షెల్ అను ఖగోళశాస్త్రజ్ఞుడు కనిపెట్టిన విద్య మా పట్టణపు డాబామీద అట్లు అక్కరకు వచ్చినది. నాతోకూడ మరి మూడు ప్రతులు పుట్టెను. కట్టబోవు గోడలకు ఎరుపు, కూల్చవలసిన పాత వంటపాకకు పసుపు, మురుగుగొట్టమునకు ఎర్రని చుక్కలు, ముందున్న వీథికి ఆకుపచ్చ పూసి, మమ్ము నలుగురిని దరఖాస్తుతో జతచేసిరి.

అది 1972వ సంవత్సరము. మా యజమాని బడిపంతులు. ప్రావిడెంటు ఫండుపై అప్పు తెచ్చి ఇల్లు తలపెట్టినవాడు. 1920 నాటి మద్రాసు చట్టము పోయి, 1965లో ఆంధ్రప్రదేశ్ పురపాలక సంఘముల చట్టము వచ్చినను, పునాది త్రవ్వుటకు ముందే అనుమతి యుండవలె నను మాట మాత్రము మారలేదు. ఆ సంగతి పంతులుగారికి తెలియక కాదు. అయితే మాఘము వెళ్లినచో మూఢమి వచ్చుచున్నది.

“కాగితం రానివ్వండి మేష్టారూ,” అని సర్వేయరు బ్రతిమాలెను.

“స్థలం నాది, అప్పు నాది, మధ్యన వాళ్లెవరయ్యా?” అని పంతులుగారు శంకుస్థాపన కానిచ్చివేసిరి.

ఆ సమయమున నేను పురపాలక కార్యాలయములో ఒక గుమాస్తా బల్లపై, ఇత్తడి గుండుక్రింద, ఊపిరాడక యుంటిని. బల్లనుండి బల్లకు నేను సాగిన ప్రయాణము వర్ణింపదగినది కాదు. తీర్థయాత్ర యనినను తీర్థములు నొచ్చుకొనును. ఒకానొక మధ్యాహ్నము ఎవరో టీగ్లాసు నా పెరటిమీద పెట్టిరి. గ్లాసు తీసిరిగాని దాని అడుగు వలయము నన్ను వదలలేదు.

ఎట్టకేలకు బిల్డింగు ఇన్‌స్పెక్టరు నన్ను సైకిలు క్యారియరుకు కట్టుకొని స్థలమునకు వచ్చెను. ఇసుకకుప్పపై నన్ను పరచి, నాలుగు మూలలను నాలుగు ఇటుకలతో నొక్కిపెట్టి, టేపు లాగి చూడగా, పడమటి పునాదికందకము నా గీతను దాటి, ప్రక్కసందులోనికి మూరెడు జరిగియుండెను. గది కొంచెము విశాలముగా నుండవలెనని పంతులుగారు మెల్లగా చెప్పుటయు, మేస్త్రి సున్నపుముగ్గును కాలితో చెరిపి మరల పోయుటయు నాకు తరువాత తెలిసెను.

“మేష్టారూ, పటం ఒక చోటా, పలుగు ఒక చోటానా?” అని ఇన్‌స్పెక్టరు నవ్వెను. పంతులుగారు నవ్వలేదు. ఎదుట, ఆ మూరెడు నేలకు చేరువగా, పొరుగింటివారి వంటగది కిటికీ తెరచియుండెను. దానిలోనుండి ఒక ముసలమ్మ, మూకుడు చేతపట్టుకొని, మా కొలతలను చూచుచుండెను. ఆమె ఏమియు ననలేదు. ఆ కిటికీకి వెలుతురు వచ్చు త్రోవయు, మా చూరునీరు మా నేలపైననే పడు చోటును ఆ మూరెడే.

సాయంకాలమునకు కందకము పూడ్చిరి. ఇరువురు కూలీల పూటపనితో పోయెను. అదే గోడ లేచి, పైన శ్లాబు పడిన పిదపనైనచో ఏమగునో ఊహింపుము. గది ఎత్తు 2.75 మీటర్లకు తగ్గరాదనియు, మరేదో అంతకు మించరాదనియు నిబంధనలు చెప్పునప్పుడు జనులు విసుగుకొందురు. కాగితముపై గీత చెరుపుటకు రబ్బరు చాలునని, గోడ చెరుపుటకు సమ్మెట కావలెనని వారికేల తట్టదో నాకు తెలియదు. మూడు వారములకు ముద్ర పడి, సంతకముతో నేను ఇల్లు చేరితిని. అనగా, ఇంకను లేని యింటికి.

మొన్న హైదరాబాదునుండి మనుమడు వచ్చెను. తెలంగాణమున 2020లో వచ్చిన చట్టము ననుసరించి 75 గజములలోపు స్థలములో చిన్నయింటికి అనుమతియే యక్కరలేదట, రూపాయి కట్టి నమోదు చేసిన చాలునట. 500 చదరపు మీటర్ల వరకును, పది మీటర్ల ఎత్తు మించని ఇంటికి యజమాని తానే ధ్రువీకరించుకొనవచ్చునట. అబద్ధము వ్రాసినచో నోటీసైనను లేక కూల్చుదురట. టీగ్లాసుల బాధ లేదని నేను సంతసించితిని. ఇసుకకుప్పపై టేపు లాగువాడు ముందుగా రాడుగదా యని కొంత దిగులుపడితిని.

అతడు ఫొటో తీయుటకై నన్ను కిటికీచెంత పరచి, మధ్యాహ్నమంతయు అచ్చటనే మరచెను. ఎండలో పుట్టినను ఎండ నాకు పడదు, నీలము వెలవెలబోయెను. సాయంకాలము వచ్చి వంగి చూచి, “నాయనమ్మా, మన పెరట్లో బావి ఉండేదా?” అని అడిగెను.

ఎనుబది దాటిన ఆమె కళ్లజోడు సవరించుకొని, ఆ గోధుమవన్నె వలయమును చాలసేపు చూచెను. “ఉండే ఉంటుందిరా,” అనెను. “మీ తాతగారు పూడ్పించేశారు కాబోలు.”

నన్ను మరల భోషాణములో నుంచిరి. చీకటిలో నా నీలము కొంచెము కొంచెముగా తిరిగివచ్చుచున్నది.