అవునన్నా కాదన్నా ఆగేదే!

మెయిల్ పెట్టెలకు కాపలా కాసే డవ్‌కాట్ 2025 జనవరిలో 2.4 అయింది. అయిందో లేదో, 2.3 నాటి కాన్ఫిగరేషన్ ఫైలు తన దగ్గర చెల్లదని తేల్చేసింది. మొదటి సెట్టింగుగా వెర్షన్ సంఖ్య వేయకపోతే, శుభలేఖలో తన పేరు ముందు లేదని అలిగిన మేనమామలా, అసలు కదలదు.

అదే ఏడాది ఆగస్టులో లినక్స్ పంపిణీ డెబియన్ 13 ఈ 2.4ను నెత్తికెత్తుకుంది. మీరు చేయి పెట్టిన ఫైలు కనబడితే అప్‌గ్రేడ్ మధ్యలో మహా మర్యాదగా ఓ ప్రశ్న: పాతది ఉంచమంటారా, కొత్తది వేయమంటారా? ఉంచమంటే సర్వర్ లేవదు. వేయమంటే లేస్తుంది, మీ సెట్టింగులు మాత్రం ఉండవు. ఎంచుకునే స్వేచ్ఛ అంటే ఇదే కాబోలు!

మరో మెయిల్ సర్వర్ పోస్ట్‌ఫిక్స్ అయితే 2015లోనే, 3.0తో 'కంపాటిబిలిటీ లెవెల్' తెచ్చింది. పాత పద్ధతినే నడిపిస్తూ, మార్చాల్సిందేమిటో లాగ్‌లో చెబుతుంది. అంత ఓపిక అందరికీ ఎక్కడిది?

ఆ మాటకొస్తే డవ్‌కాట్ వాళ్లూ మార్పులన్నీ ముందే రాసిపెట్టారు. మన అడ్మిన్లు చదువుతారు కూడా, మెయిల్ ఆగాక!