బోల్టు పద్యానికి టీకా తాత్పర్యం

ముందె బిగియనీకు మొదటి బోల్టును బావ
వేలికొసల తిప్పి విడిచిపెట్టు
అన్ని నట్లు జతకు నందిన పిమ్మట
పాన పట్టి బిగియఁ బట్టవయ్య

అవతారిక: అయిదు తలుపుల జిమ్నీ బండి ఒకటి హైదరాబాదు అపార్టుమెంటు సెల్లారులో నిలిచి ఉంది. వాననీళ్ళు జారడానికి కప్పు పక్కల ఉండే గట్టర్లను కరిచిపట్టుకుని అల్యూమినియం ర్యాక్ ఇప్పటికే దాని నెత్తికెక్కింది. ఇక ర్యాక్ నెత్తికెక్కవలసినవి మూడు: నీళ్ళ జెర్రీక్యానును పట్టుకునే చట్రం, పారను పట్టుకునే క్లాంపు, బండి దిగబడితే చక్రాల కింద పరిచే పలకలను నిలబెట్టే పిన్నులు. బావ స్టూలు మీద, పానాతో. బావమరిది కింద, బోల్టుల పొట్లంతో. పద్యం చెప్పింది బావమరిదే అని పండితుల ఏకాభిప్రాయం. పైనున్నవాడికి పద్యం చెప్పే తీరిక ఉండదు.

ప్రతిపదార్థం: బావ = ఓ బావా (బండీ ఇతడిదే, ఈఎంఐ కూడా ఇతడిదే); ముందె = తక్కినవి దూర్చకముందే; మొదటి బోల్టును = పొట్లంలోంచి మొదట చేతికొచ్చిన 8 మిల్లీమీటర్ల బోల్టును; బిగియనీకు = బిగిసిపోనివ్వకు; వేలికొసల తిప్పి = నట్టును వేళ్ళతోనే ఎక్కించి; విడిచిపెట్టు = అక్కడ ఆపు (వదిలేసి టీకి పొమ్మని కాదు); అన్ని నట్లు = నట్లన్నీ; జతకు నందిన పిమ్మట = తమ తమ బోల్టులను చేరుకున్నాక; పాన = పానాను (ఛందస్సు కోసం దీర్ఘం పోయింది, సైజు మాత్రం పదమూడే); పట్టి = పట్టుకుని; బిగియఁ బట్టు = గట్టిగా బిగించు; అయ్య = బతిమాలుతున్నాను.

తాత్పర్యం: బావా, తొందరపడకు.

వ్యాఖ్య: మొదటి బోల్టు మీద కవికి ఇంత పట్టింపు ఎందుకంటే, క్యాను చట్రానికి అడుగున నాలుగు కన్నాలుంటాయి. అవి గుండ్రంగా కాక కోలగా ఉంటాయి. ఆ కోలతనం తయారుచేసినవాడు మనమీద చూపిన జాలి. నాలుగూ కుదిరేదాకా చట్రం వెంట్రుకవాసి అటో ఇటో జరుగుతుంది. మొదటిదాన్ని ఉత్సాహంగా బిగించామా, ఆ జాలి కాస్తా దక్కదు. రెండోది ఎలాగో దూరుతుంది. మూడోదాన్ని సుత్తితో బతిమాలాలి. నాలుగో కన్నంలోంచి, బోల్టు నిలవాల్సిన గాడి బదులు ర్యాక్ పలక కనబడుతుంది. అప్పుడు చాలామంది డ్రిల్లు తెచ్చి కన్నాన్ని పెద్దది చేస్తారు. పాపం, కన్నం చేసిన తప్పేమీ లేదు. పెళ్ళిపందిరి వేసేవాళ్ళకు ఈ సంగతి ఎవరూ చెప్పనక్కర్లేదు. రాటలన్నీ నిలిచేదాకా వాళ్ళు ఏ ముడినీ లాగి కట్టరు.

పూర్వపక్షం: వేలికొసలతో తిప్పమన్నారు, బాగానే ఉంది. పొట్లంలో వచ్చింది నైలాక్ నట్టు కదా? దాని లోపలున్న నైలాన్ చుట్టును మర తాకగానే వేళ్ళు ఓడిపోతాయి. కుదుపులకు అది వదులు కాకపోవడానికి కారణమూ ఆ చుట్టే. కనుక కవి మాట అసాధ్యమని ఆక్షేపం. సిద్ధాంతం: వేళ్ళు నైలాన్ దాకా. అక్కడినుంచి పానాతోనే, నట్టు వాషరును తాకీ తాకనట్టుండేదాకా. చట్రాన్ని పట్టి ఊపితే కదలాలి, వదిలితే పడకూడదు. "విడిచిపెట్టు" అన్నది ఆ స్థితినే.

పాఠాంతరం: నాలుగో పాదంలో "గన్ను పట్టి" (నట్లు బిగించే గన్ను) అని కొందరు చదువుతారు. గకారానికీ బకారానికీ యతి చెల్లదు. యతితో పాటు బోల్టూ చెడుతుంది. స్టెయిన్‌లెస్ బోల్టు మీద స్టెయిన్‌లెస్ నట్టును గన్నుతో గిర్రున తిప్పితే, రాపిడికి మరలు ఒకదాన్నొకటి కరుచుకుని అతుక్కుపోతాయి. ఇక ముందుకూ పోదు, వెనక్కూ రాదు, ఆక్సా బ్లేడే శరణ్యం. మరలకు కాస్త యాంటీ సీజ్ పూసి, చేత్తో మెల్లగా తిప్పడమే పెద్దల పాఠం.

కవి దాచిన మర్మం ఒకటుంది. ఈ రకం ర్యాక్ పలకల్లో పొడుగునా గాడి ఉంటుంది. బోల్టు తల అందులోకి పైనుంచి దూరదు. పలక చివరినుంచి జొప్పించి జరుపుకుంటూ రావాలి. కావలసినన్ని లెక్కపెట్టి, పైన రెండు అదనంగా జొప్పించి, ఆ తర్వాతే చివర మూత పెట్టాలి. మూత పెట్టాక ఒకటి తక్కువైందని తెలిసినవాడి నోటివెంట వచ్చేది ఏ ఛందస్సులోనూ ఇమడదు.

పార సంగతి. క్లాంపు తయారైన చోట పారకు పిడి, రేకు ఒకే గీతలో ఉంటాయి. మన పార రేకు పిడికి అడ్డం తిరిగి ఉంటుంది. దాన్ని ఆ క్లాంపులో పెడితే రేకు గాలికి ఎదురొడ్డుతుంది. గునపమైతే పొందిగ్గా అమరుతుంది గానీ ఇసుకలో దిగబడ్డ బండికి గునపంతో ఏం పని? తిన్నని పార కొనాల్సిందే. ఇంట్లో పార ఉండగా ఇంకొకటెందుకని అక్క అడిగే ప్రశ్నకు ఈ టీకాలో సమాధానం లేదు. చక్రాల కింద పరిచే పలకలకు మాత్రం వంశగౌరవం ఉంది. 1920ల చివర రాల్ఫ్ బ్యాగ్నాల్డ్ అనే బ్రిటిష్ సైనికాధికారి లిబియా ఎడారిలో దిగబడ్డ మోటారు బళ్ళ కింద ఉక్కు ఛానెళ్ళు పరిచి లాగించేవాడు. నేటి ప్లాస్టిక్ పలకలు వాటి వారసులే.

ఇక బరువు. సుజుకీ మూడు తలుపుల జిమ్నీ కప్పు మీద అనుమతించింది 30 కిలోలు, ర్యాకుతో కలిపి. ర్యాక్ ఒక్కటే 20 కిలోలు దాటే రకాలున్నాయి. 20 లీటర్ల క్యాను నింపితే నీళ్ళే 20 కిలోలు. బావ బండికి రెండు తలుపులు ఎక్కువున్నాయి కదా అని కప్పుకు బలం పెరిగిందనుకోరాదు, దాని పుస్తకంలో అంకె చూసుకోవాలి. అందుచేత తెలిసినవాళ్ళు నిండు క్యానును లోపల నేలమీద కట్టేసి, ఖాళీదాన్ని నెత్తిన పెడతారు. ఫొటోలో తేడా తెలియదు.

ఫలశ్రుతి: ఈ పద్యం ప్రకారం బిగించి, కొంతదూరం నడిపి, ఆగి మళ్ళీ ఒకసారి పానా వేసి చూసుకున్నవారి ర్యాక్ వికారాబాదు గుట్టల్లో గడగడలాడదు. ఔటర్ రింగు రోడ్డు మీద మాత్రం ఈల వేస్తుంది. ఖాళీ గాడి మీదుగా గాలి పోయే చప్పుడది. గాడిలో రబ్బరు పట్టీ నొక్కితే తగ్గుతుంది. పట్టీ పద్యం బావమరిది ఇంకా చెప్పలేదు.